సరిహద్దు గేటు: ఆజ్ఞ – అంతరాత్మ

"సుంకరి దగ్గర సుఖదుఃఖాలు చెప్పుకున్నట్లు" అని మనకొక సామెత ఉన్నది. సుంకరికి కావలసింది సుంకం. బండిలో నొప్పులు పడుతున్న ఆడమనిషి ఉన్నా, ఎండకు వాడిపోతున్న తమలపాకుల మోపులున్నా అతను అడిగే ప్రశ్న మారదు. ఈ సామెత పుట్టించినవాడు ఎవడోగాని గడుసువాడు. సుంకరి దుర్మార్గుడని అతను అనలేదు. ఆ కొలువు సుఖదుఃఖాలు వినే కొలువు కాదన్నాడు. మనిషి చెడ్డవాడనటం ఒకటి, కొలువు చెడ్డదనటం మరొకటి. ఈ రెండు మాటలకూ మధ్య ఎంత దూరం ఉన్నదో, ఆ దూరంలో బాధ్యత ఎవరి మీద పడుతుందో విచారించటమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

కారులో దేశాల సరిహద్దులు దాటినవాళ్లు చెప్పే కబుర్లు విన్నవారికి ఒక సంగతి తెలిసే ఉంటుంది. ఆ కబుర్లన్నీ రెండు మూసల్లో ఇముడుతాయి. "ఆఫీసరు ఎంత మంచివాడండీ, నవ్వుతూ పంపించాడు" అనేది మొదటిది. "వాడొక రాక్షసుడు, పిల్లల బొమ్మలతో సహా కింద పోయించాడు" అనేది రెండోది. చెప్పే ప్రతివాడూ ఆఫీసరు స్వభావం గురించే చెబుతాడు. అద్దం దించి, ఇంజను ఆపి, చేతులు చక్రం మీద పెట్టుకుని కూర్చున్న ఆ నిమిషంలో ఏ తప్పూ చేయని తన గుండె ఎందుకు దడదడలాడిందో మాత్రం చెప్పడు. మంచి ఆఫీసరు ఎదురైనవాడికీ గుండె దడదడలాడింది గదా! అంచేత ఆ దడకు కారణం ఆఫీసరు స్వభావంలో లేదు.

కారు సంగతి ప్రత్యేకంగా ఎందుకంటే, కారు కదిలే ఇల్లువంటిది. అందులో భార్యాబిడ్డలుంటారు, అన్నం డబ్బాలుంటాయి, మందులుంటాయి, ఎవరికీ చూపించని కాగితాలుంటాయి. ఇంటి గుమ్మం దగ్గర పోలీసు నిలబడితే "వారంటు ఏది?" అని అడిగే హక్కు చాలా దేశాల పౌరుడికి ఉన్నది. గేటు దగ్గర అదే పౌరుడు అడక్కుండానే డిక్కీ తెరుస్తాడు. ఒక్క గీత దగ్గరికి వచ్చేసరికి హక్కులు గల పౌరుడు అనుమానించదగిన ప్రాణిగా మారుతున్నాడు. ఈ మార్పును చట్టమే చేస్తున్నది.

2

ఈ కొలువు కొత్తది కాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో శుల్కాధ్యక్షుడు నగరద్వారం దగ్గర జెండా ఎత్తి సుంకపుశాల పెట్టించాలి. వచ్చిన వర్తకుణ్ణి నాలుగు సంగతులు అడిగి రాసుకోవాలి: మీరెవరు, ఎక్కడినుంచి వచ్చారు, సరుకెంత, ముద్ర ఎక్కడ వేయించారు. ముద్రాధ్యక్షుడని మరొక అధికారి ఉన్నాడు. జనపదంలోకి రావాలన్నా, బయటకు పోవాలన్నా ఒక మాషకం చెల్లించి అతని ముద్ర తీసుకోవాలి. ముద్ర లేనివాడికి 12 పణాల దండుగ. మన తాతల కాలానికి వస్తే, నిజాం రాజ్యపు పొలిమేరల్లో కరోడ్‌గిరీ నాకాలు ఉండేవి. ఆ పేరు చెబితే ఇప్పటికీ ముసలివాళ్ల ముఖం మారుతుంది.

అయితే ఆనాటి గేటు ప్రధానంగా సరుకును పట్టుకునేది. ఈనాటి గేటు మనిషిని పట్టుకుంటున్నది. 1914కు ముందు యూరపులో ఎక్కువ భాగం పాస్‌పోర్టు లేకుండా తిరగటానికి వీలుండేది. యుద్ధం పేరుతో తాత్కాలికంగా వచ్చిన కాగితం యుద్ధం ముగిసినా పోలేదు. 1920లో నానాజాతిసమితి పారిస్‌లో సమావేశం జరిపి పాస్‌పోర్టుకు ఒక నమూనా నిర్ణయించింది. అప్పటినుంచి మనిషి కంటె కాగితం ముఖ్యమైంది.

ఇందులోని వర్గస్వభావాన్ని చూడాలంటే అమెరికా–మెక్సికో సరిహద్దును మించిన పాఠం లేదు. 1994 జనవరి 1న అమెరికా, కెనడా, మెక్సికో దేశాల స్వేచ్ఛావ్యాపార ఒప్పందం అమలులోకి వచ్చింది. సరుకులకూ పెట్టుబడికీ తలుపులు తెరుచుకున్నాయి. అదే సంవత్సరం అక్టోబరు 1న శాన్‌డియేగో దగ్గర అమెరికా ప్రభుత్వం మనుషులను ఆపటానికి ఒక పెద్ద కార్యక్రమం మొదలుపెట్టింది. దాని పేరు "ఆపరేషన్ గేట్‌కీపర్". ద్వారపాలకుడన్నమాట! మొక్కజొన్నకు దారి ఇచ్చారు. ఆ చవక మొక్కజొన్న దెబ్బకు పొలం వదిలిన రైతుకు మాత్రం దారి మూశారు. పెట్టుబడి ఎక్కడికైనా పోవచ్చు, శ్రమ మాత్రం కట్టేసిన చోట ఉండాలి అనే సూత్రాన్ని ఇంత బాహాటంగా ఒకే సంవత్సరంలో ప్రకటించిన ఉదాహరణ మరొకటి నాకు కనిపించదు.

అక్కడి న్యాయస్థానాలు ఏమన్నాయో కూడా చూద్దాం. సరిహద్దు గీత దాటి 66 మైళ్లు లోపలికి వచ్చిన తరవాత, శాన్‌క్లమెంటె దగ్గర పెద్దరోడ్డు మీద తనిఖీ గేటొకటి ఉన్నది. అక్కడ ఏ అనుమానం లేకుండానే కార్లను ఆపి ప్రశ్నించవచ్చునని 1976లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కొన్ని కార్లను పక్కకు తీయించటంలో మెక్సికన్ పోలికలే ప్రధాన ఆధారమైనా రాజ్యాంగానికి భంగం లేదన్నది. మన పండితులు ఘట్టకుటీ ప్రభాత న్యాయమని ఒకటి చెబుతారు. సుంకం తప్పించుకోవాలని అడ్డదారిన రాత్రంతా బండి తోలినవాడికి తెల్లవారేసరికి సుంకపుశాలే ఎదురయిందట. శాన్‌క్లమెంటె గేటు ఆ న్యాయాన్ని తలకిందులు చేసింది. ఇక్కడ ఏమీ తప్పించుకోదలచని పౌరుడికి కూడా, చర్మం రంగును బట్టి, తెల్లవారేసరికి సుంకపుశాల ఎదురవుతున్నది.

2004లో మరొక తీర్పు వచ్చింది. సరిహద్దులో కారు పెట్రోలు ట్యాంకు ఊడదీసి వెతకటానికి ఎటువంటి అనుమానమూ అక్కరలేదని న్యాయమూర్తులందరూ ఏకగ్రీవంగా చెప్పారు. ఆ కేసులో ట్యాంకులో గంజాయి దొరికిన మాట నిజమే. కాని తీర్పు దొరికినవాడికి ఒక్కడికే వర్తించదు గదా! దొరకనివాళ్ల ట్యాంకులు కూడా అదే తీర్పు కింద ఊడుతాయి.

3

ఇక కొలువు సంగతి తెలిసింది గనక, కొలువులో ఉన్న మనిషి సంగతికి వద్దాం. ఇక్కడ మన అభ్యుదయవాదులలో చాలామంది ఒక తేలిక సమాధానం ఇస్తారు. "కాపలావాడు రాజ్యయంత్రంలో ఒక మేకు. అతను కూడా కూలివాడే. వ్యవస్థను విమర్శించండి, వ్యక్తిని కాదు" అంటారు. వినటానికి బాగానే ఉన్నది. "ఆఫీసరు మంచివాడైతే చాలు" అనే ఉదారవాది మాట కంటె ఇది లోతైనది కూడా. కాని చివరంటా తీసుకుపోతే ఇది ఎక్కడికి చేరుతుందో ఆలోచించారా? మేకు పాపం చేయదు, పుణ్యమూ చేయదు. కాపలావాడు మేకైతే, వాడిమీద అధికారి కూడా మేకే. అతనిమీద మంత్రి చరిత్రకు మేకు. చివరకు నేరం ఉంటుంది, నేరస్తుడుండడు. "నిమిత్తమాత్రుడు" అనే మాట మన దేశంలో చాలా పాతది. చంపటానికి వెనకాడినవాడి చేత చంపించటానికి పుట్టిన మాట అది. దానికి ఎర్రరంగు పూసినంత మాత్రాన దాని గుణం మారదు.

1945–46లో నూరెంబర్గులో నాజీ నాయకులను విచారించినప్పుడు "పైవాడి ఆజ్ఞ" అనే వాదం నేరం నుంచి విముక్తి కలిగించదని ఆ న్యాయస్థానపు నియమావళే చెప్పింది. శిక్ష తగ్గించటానికి మాత్రం దాన్ని లెక్కలోకి తీసుకోవచ్చునన్నది. ఆ న్యాయపీఠం మీద సోవియట్ న్యాయమూర్తి కూడా కూర్చున్నాడు. అంచేత ఈ సూత్రం బూర్జువా న్యాయశాస్త్రమని తోసెయ్యటానికి మనకు అవకాశం లేదు. ఇది ఫాసిజాన్ని ఓడించినవాళ్లు నిలబెట్టిన సూత్రం.

మేకు సిద్ధాంతం అబద్ధమని రుజువు చేసిన మనుషులు కూడా ఉన్నారు. 1938 ఆగస్టులో స్విట్జర్లాండు ఆస్ట్రియావైపు సరిహద్దు మూసింది. నాజీల బారి నుంచి పారిపోయి వచ్చే యూదులను తిప్పి పంపమన్నది. సెంట్ గాలెన్ పోలీసు అధిపతి పౌల్ గ్రూనింగర్ ఆ ఆజ్ఞ పాటించలేదు. మూసివేతకు ముందే వచ్చినట్లు తేదీలు వెనక్కి వేసి, 3,600 మంది దాకా లోపలికి రానిచ్చాడని లెక్క. 1939లో అతని ఉద్యోగం పోయింది, పింఛను పోయింది. 1940లో కోర్టు దోషి అన్నది. 1972లో పేదవాడుగా చచ్చిపోయాడు. 1995లో మరొక కోర్టు అతను నిర్దోషి అన్నది. గ్రూనింగర్ విప్లవకారుడు కాడు. ఏ పార్టీ సిద్ధాంతమూ అతన్ని ఆ పనికి పురికొల్పలేదు. చేతిలో ముద్ర ఉన్నది, ఎదురుగా మనిషి ఉన్నాడు. తేదీ మార్చటం తన చేతిలో పని. ఆజ్ఞ ఎంత కచ్చితంగా ఉన్నా, దాన్ని అమలు జరిపే చేతికి ఎంతో కొంత ఖాళీ మిగులుతుంది. నైతికబాధ్యత ఉండే చోటు ఆ ఖాళీయే.

4

ఇప్పుడు మనకు ఇబ్బంది కలిగించే ఉదాహరణ తీసుకోక తప్పదు. శాన్‌క్లమెంటె గురించి గట్టిగా మాట్లాడేవాళ్లు బెర్లిను దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గిస్తారు. సోషలిజం పేరు మీద లేచిన గోడ గురించి సోషలిజం కోరేవాళ్లు మాట్లాడకపోతే, ఆ పని మన శత్రువులు తమకు కావలసిన విధంగా చేస్తారు.

1949 నుంచి 1961 వరకు తూర్పు జర్మనీ నుంచి సుమారు 27 లక్షల మంది వెళ్లిపోయారు. ప్రజల డబ్బుతో చదివిన డాక్టర్లు, ఇంజనీర్లు ఎక్కువ జీతం కోసం పడమటికి పోతుంటే ఒక బీదదేశం ఏంచెయ్యాలనే ప్రశ్న అబద్ధపు ప్రశ్న కాదు. చదివిన పిల్లలను విమానాలెక్కించి పంపుతున్న మనకు అది బాగా తెలుసు. కాని 1961 ఆగస్టు 13న ఆ ప్రశ్నకు ఇచ్చిన సమాధానం గోడ. తరవాత వచ్చింది తుపాకి. మారియన్‌బోర్న్ దగ్గర పడమటి కార్లను ఆపి, కింద అద్దాలు పెట్టి వెతికేవారు. లోపల మనుషులు దాగి ఉన్నారేమో చూడటానికి, కూర్చున్నవాళ్లకు తెలియకుండా కార్లమీద గామా కిరణాలు ప్రయోగించిన సంగతి తరవాత బయటపడింది. బెర్లిను గోడ దగ్గర కనీసం 140 మంది ప్రాణాలు పోయాయి. శ్రామికులు తమ రాజ్యాన్ని వదిలిపోకుండా శ్రామికుల కొడుకు తుపాకి పట్టుకు కాపలా కాయవలసి వచ్చిందంటే, ఆ రాజ్యం శ్రామికులది అనే మాటలో ఎంత మిగిలినట్లు?

1989 ఫిబ్రవరి 5–6 రాత్రి క్రిస్ గ్వెఫ్రాయ్ అనే ఇరవై ఏళ్ల కుర్రవాణ్ణి గోడ దగ్గర కాల్చిచంపారు. అక్కడ తుపాకిగుండుకు బలి అయినవాళ్లలో అతనే చివరివాడు. ఆ కాపలావాళ్లకు తలకు 150 మార్కుల బహుమానం ఇచ్చారు. గోడ కూలిన తరవాత వాళ్లను విచారించారు. 1992 జనవరిలో, కాల్చినవాడికి మూడున్నర ఏళ్ల శిక్ష పడింది. తరవాత అది తగ్గిపోయి, జైలుకు పోనక్కరలేని రెండేళ్ల శిక్ష అయింది. చట్టప్రకారం జరిగినదల్లా న్యాయం కాదనేది ఆ మొదటి తీర్పు సారాంశం. ఆజ్ఞ ఇచ్చినవాళ్లలో పెద్దవాడైన ఎగోన్ క్రెంజ్‌కు 1997లో ఆరున్నరేళ్లు పడింది.

"ఇది గెలిచినవాడి న్యాయం, ముందు చిన్నవాణ్ణి పట్టుకున్నారు" అని అప్పట్లో విమర్శ వచ్చింది. అందులో నిజం లేకపోలేదు. కాని గెలిచినవాడు చెప్పినందువల్ల నిజం అబద్ధమైపోదు. 2001 మార్చిలో యూరపు మానవహక్కుల న్యాయస్థానం ఆ శిక్షలను సమర్థించింది. నాయకుల కేసుతోపాటు, 1972లో ఇరవై ఏళ్ల వయసులో కాల్పులు జరిపిన ఒక మామూలు సిపాయి కేసు కూడా అదే రోజు తీర్మానించింది. మానవహక్కులను నిస్సిగ్గుగా తొక్కే ఆజ్ఞను సాధారణ సిపాయి కూడా గుడ్డిగా పాటించటానికి వీల్లేదన్నది. ఆ తీర్పులో నాకు నచ్చేది ఒకటున్నది. అది సిపాయిని మేకుగా చూడలేదు, మనిషిగా చూసింది. శిక్షించటం కూడా ఒకవిధంగా మర్యాద చెయ్యటమే.

అదే గోడ దగ్గర మరొక మనిషి కథ కూడా చెప్పుకోవాలి. 1989 నవంబరు 9 సాయంత్రం షబోవ్‌స్కీ అనే నాయకుడు పత్రికలవాళ్ల ముందు, ప్రయాణాలకు అనుమతి వెంటనే అమలులోకి వస్తుందని తడబడుతూ చెప్పాడు. రాత్రికి బోర్న్‌హోల్మర్ వీధి గేటు ముందు నడిచి వచ్చినవాళ్లూ, ట్రబాంట్ కార్లలో వచ్చినవాళ్లూ వేలకొద్దీ చేరారు. అక్కడ బాధ్యతలో ఉన్న హరాల్డ్ యేగర్ పైవాళ్లకు ఫోను మీద ఫోను చేశాడు. సరి అయిన జవాబు రాలేదు. ఎక్కువ కేకలు వేసేవాళ్లను మాత్రం, తిరిగి రానక్కరలేదన్నట్లు ఫోటో మీద ముద్ర కొట్టి బయటకు పంపమన్నారు. అట్లా వెళ్లినవాళ్లలో కొందరు కాసేపటికే తిరిగి వచ్చి, ఇంటిదగ్గర పిల్లలున్నారు, మమ్మల్ని రానివ్వమన్నారు. ఆజ్ఞకు విరుద్ధంగా వాళ్లను రానిచ్చాడు. పదకొండున్నర ప్రాంతంలో గేటు తెరిపించాడు.

యేగర్ గ్రూనింగర్ వంటివాడు కాడు. ఎన్నో ఏళ్లు ఆ కొలువును నమ్మి చేసినవాడు. ఆ జనం లేకపోతే ఆ రాత్రి కూడా ఎప్పటివలె ముద్రలు చూసుకుంటూ గడిపేవాడు. అంచేత గేటు తెరిచింది జనమే. కాని అదే జనం ముందు, అదే అయోమయంలో, తుపాకి తియ్యమని చెప్పే అధికారి కూడా ఉండవచ్చు. చరిత్ర తలుపు దాకా నెట్టుకు వస్తుంది. గడియ తియ్యవలసింది మాత్రం ఒక మనిషి చెయ్యి. గ్రూనింగర్ అంతరాత్మకు వెనక జనబలం లేదు గనక అది కొన్ని వేల ప్రాణాలను కాపాడింది, విధానాన్ని మార్చలేకపోయింది. బోర్న్‌హోల్మర్ వీధిలో రెండూ కలిశాయి గనక గోడే పోయింది. వ్యక్తి, వ్యవస్థ అని విడదీసి ఒకదానితో మరొకదాన్ని కొట్టేవాళ్లు ఈ రెండు కథలనూ పక్కపక్కన పెట్టుకు చూడాలి.

5

పరదేశాల గేట్ల గురించి ఇంత చెప్పుకుని మన గేట్లను వదిలితే ఈ చర్చ అంతా వృథా. 2014 జూన్ 2న తెలుగువాళ్ల మధ్య ఒక రాష్ట్రసరిహద్దు ఏర్పడింది. అది దేశసరిహద్దు కాదు. స్వేచ్ఛగా తిరిగే హక్కును రాజ్యాంగం దేశమంతటా ఇచ్చింది. అయినా 2020 మార్చిలో, హైదరాబాదు హాస్టళ్లు మూతపడి, అక్కడి పోలీసులిచ్చిన పత్రాలు పట్టుకుని కార్లమీద, మోటారుసైకిళ్లమీద ఇళ్లకు బయలుదేరిన పిల్లలను గరికపాడు దగ్గర ఆంధ్రవైపు పోలీసులు ఆపేశారు. ఏడాది తిరిగింది. 2021 మే నెలలో హైదరాబాదు ఆస్పత్రులకు పోతున్న అంబులెన్సులను కర్నూలు దాటగానే పుల్లూరు టోల్‌గేటు దగ్గర తెలంగాణావైపు పోలీసులు ఆపారు. ఆస్పత్రి నుంచి ముందుగా అనుమతి ఉంటేనే రావాలన్నారు. ఆగిన బండ్లలో రోగుల ప్రాణాలు పోయాయని ఆనాటి పత్రికలు రాశాయి. మే 14న తెలంగాణా హైకోర్టు ఆ ఉత్తర్వును నిలిపివేసింది.

ఆ రోజుల్లో రెండు రాష్ట్రాల నాయకులూ ఒకరినొకరు తిట్టుకున్నారు. కోర్టు ప్రభుత్వాన్ని అడగవలసింది అడిగింది. కాని అంబులెన్సు తలుపు తెరిచి, ఆక్సిజన్ గొట్టంతో ఉన్న మనిషిని కళ్లారా చూసి, "వెనక్కి తిప్పు" అన్నవాణ్ణి ఎవరూ ఏమీ అడగలేదు. "పాపం వాడేంజేస్తాడు, పై ఆర్డరు" అన్నాం. బెర్లిను సిపాయిని గురించి అంత తేలికగా అనమే! ఆ కానిస్టేబులుకు ఉద్యోగభయం ఉన్న మాట నిజం. ఆజ్ఞ కాదన్నవాణ్ణి కాపాడే చట్టంగాని సంఘంగాని మనకు లేదు. అది లేనప్పుడు అంతరాత్మను అడగటం వీరత్వాన్ని అడగటమే. వీరత్వం లేదని ఎవణ్ణీ జైలుకు పంపలేం. కాని అది లేకుండా చేసిన ఏర్పాటును నిలదీయవచ్చు. యూనిఫారంలో ఉన్న కూలివాడికి సంఘం పెట్టుకునే హక్కు, చట్టవిరుద్ధమైన ఆజ్ఞను రాతమూలకంగా ఇమ్మని అడిగే హక్కు, నిరాకరించే హక్కు కావాలని మనం ఎందుకు అడగటం లేదు? కాపలావాడు కూడా శ్రామికుడే అనేవాళ్లు మొదట అడగవలసింది ఇది.

6

చివరగా, కారులో కూర్చున్నవాడి సంగతి. అతను కేవలం బాధితుడా?

అమెరికా, కెనడాల మధ్య బ్లెయిన్ దగ్గర శాంతితోరణమని ఒక కట్టడం ఉన్నది. 1921లో కట్టారు. ఈ తలుపులు ఎన్నడూ మూయబడకుండుగాక అనే అర్థం వచ్చే మాట దానిమీద చెక్కి ఉన్నది. సియాటిల్ ప్రాంతంలో కొలువులు చేసే మన తెలుగువాళ్లు ఒకప్పుడు వీసా ముద్ర కోసం వాంకూవరు పోయి వచ్చేటప్పుడు ఆ తోరణం పక్కనుంచే కారు నడిపేవారు. 2020 జనవరి మొదటి వారంలో, ఇరాన్ సేనాని సులేమానీని అమెరికా చంపిన మరునాడు, అదే గేటు దగ్గర ఇరాన్ సంతతివారిని పక్కకు తీసి గంటల తరబడి కూర్చోబెట్టారు. కొందరు పన్నెండు గంటల దాకా ఉన్నారట. వాళ్లలో అమెరికా పౌరులూ ఉన్నారు. మొదట అటువంటిదేమీ లేదన్నారు. తరవాత స్థానిక అధికారులు అతిగా పోయారని పై అధికారే ఒప్పుకున్నాడు. ఆ రాత్రి పక్క వరసలో కార్లు సాఫీగా సాగిపోతూనే ఉన్నాయి. 2022 జనవరిలో, అదే దేశాల మధ్య మానిటోబాలోని ఎమర్సన్ దగ్గర, కారులో గేటుకు పోగల కాగితం లేక మంచులో నడిచి దాటబోయిన ఒక గుజరాతీ కుటుంబం, భార్యాభర్తలూ ఇద్దరు పిల్లలూ, సరిహద్దు గీతకు 12 మీటర్ల దూరంలో గడ్డకట్టి చచ్చిపోయి కనిపించారు.

కారు, కాగితం ఉన్నవాడు గేటు దగ్గర ఐదు నిమిషాల అవమానం పడి, ఇంటికొచ్చి దాన్ని పదేళ్లు చెప్పుకుంటాడు. తప్పులేదు, అవమానం అవమానమే. కాని అతనే మన దేశంలో రొహింగ్యాల మాట వచ్చేసరికి, బంగ్లాదేశం నుంచి వచ్చిన కూలివాళ్ల మాట వచ్చేసరికి "గట్టిగా తనిఖీ చెయ్యాలి, తరిమెయ్యాలి" అంటాడు. తనను ఆఫీసరు ఒక మనిషిగా చూడాలి, వాళ్లను మాత్రం ఒక జాతిగా చూడాలి. ఈ రెండు కోరికలూ ఒక నోట రావటానికి వీల్లేదు. గేటు దగ్గర తన గుండె దడదడలాడినందుకు కారణం తెలుసుకున్నవాడు, ఆ కారణం ఇతరుల విషయంలో నిలవాలని ఎట్లా కోరగలడు?

సరిహద్దులన్నీ రేపే పోతాయని నేననను. 1985లో షెంగెన్ గ్రామంలో అయిదు దేశాలు సంతకాలు చేసి, 1995లో తమ మధ్య తనిఖీ గేట్లు తీసేసినప్పుడు, తీసెయ్యటం సాధ్యమేనని రుజువయింది. అప్పటినుంచి బయటి గోడలు మరింత ఎత్తు లేచిన మాట కూడా నిజమే. గేటు ఉన్నంతకాలం మనం అడగగలిగినవి కొన్ని ఉన్నాయి. ఎందుకు ఆపారో కారణం రాసివ్వాలి. ముఖం చూసి పక్కకు తియ్యకూడదు. వకీలుతో మాట్లాడే అవకాశం ఇవ్వాలి. ప్రాణంమీదికి వచ్చినవాడికి కాగితం అడ్డం పెట్టకూడదు. ఇవి పెద్ద కోరికలేమీ కావు. కాని వీటిని మన కారు కోసం మాత్రమే అడిగితే అది మొర పెట్టుకోవటం అవుతుంది. వెనక కారులో ఉన్నవాడి కోసం, కారు లేకుండా నడిచి వచ్చేవాడి కోసం కూడా కలిసి అడిగినప్పుడే అది రాజకీయమవుతుంది. అప్పుడు సుంకరి కూడా సుఖదుఃఖాలు వినక తప్పదు.